పైడి వెంటపడ్డ ఏడుపు

దగ్గరికి జరగండర్రా. ఇది కాస్త ఏడిపించే కథ, ముందే చెబుతున్నాను. అయినా మధ్యలో లేచిపోకూడదు.

మొగలిసీమ అనే రాజ్యంలో ఒకప్పుడు ప్రతి ఇంటి చూరులోనూ పిట్టగూళ్లు ఉండేవి. గూటి నుంచి జారిపడిన పిల్లను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, అది అక్కడి కట్టుబాటు. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి మళ్లీ చేరనివ్వదని వాళ్ల నమ్మకం. అందుకని పిల్ల పడిందంటే దానిమీద గంప బోర్లించి, ముఖం తిప్పుకుని పనుల్లోకి పోయేవారు. గంప కింద పిల్ల అరిచి అరిచి ఊరుకునేది. పైనుంచి తల్లి చూస్తూ ఉండేది.

ఎందరు తల్లుల ఉసురు తగిలిందో, పక్షిరాజుకు కోపం వచ్చింది. "మీ చూరు కింద ఇక ఏ గొంతూ పలకదు!" అని శపించాడు. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పురుగును ఏరుకుతినే ముక్కు లేకపోయేసరికి చేలన్నీ గొంగళిపురుగుల పాలయ్యాయి. పొట్టకొచ్చిన వరి ఈనెలై మిగిలింది. రాజుగారి తమలపాకు మీద కూడా గొంగళిపురుగు పాకిందంటే చూసుకోండి!

చాపలల్లే గవరమ్మ ఇంటి గోడ తొర్రలో ఒక గోరింక మాత్రం గుడ్డును వదల్లేక ఉండిపోయింది. ఆ గుడ్డులోంచి వచ్చే పిల్ల బతికి ఎగిరితే శాపం పోతుంది; చస్తే ఆ రాజ్యానికి ఇక పిట్ట అనేదే ఉండదు. వెళ్తూ వెళ్తూ పక్షిరాజు చెప్పిన మాట అది.

గాలి ఎక్కువగా ఉన్న ఒకనాడు ఆ పిల్ల కాస్తా వాకిట్లో పడింది. ఇంకా ఈకలైనా రాలేదు. గవరమ్మ గంప తెచ్చేలోపల ఆమె కూతురు పైడి దాన్ని రెండు చేతులా ఎత్తేసుకుంది.

"ఓలమ్మో! ఏటి సేసినావే గుంటా! నీ సెయ్యి తగిలిపోనాది. ఇంక తల్లి దాని మొకం సూత్తాదా?"

"గంప కింద సచ్చిపోద్ది కదే అమ్మా!"

"ఇప్పుడు నీ సేతిలో సత్తాది. అంతే తేడా."

పిల్లకంటిన మనిషి వాసన కడగగలవాడు పక్షిరాజు ఒక్కడే అన్నారు ఊరి పెద్దలు. అతనుండేది అడవికి అవతల నల్లకొండ మీద. వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదని కూడా అన్నారు. పైడి బుట్టలో పాత గుడ్డ పరిచి, పిల్లను పడుకోబెట్టి, చోడిరొట్టెలు మూటగట్టుకుని బయలుదేరింది.

అడవిలో అడుగు పెట్టిందో లేదో, వెనకనుంచి ఒక ఏడుపు మొదలైంది. బొంగురుపోయిన గొంతు. పైడి నడిస్తే అదీ నడుస్తోంది, ఆగితే అదీ ఆగుతోంది. దెయ్యమే అనుకుని పైడి తిరిగి చూడకుండా పరుగెత్తింది.

ఏటి ఒడ్డున ఇసుకరక్కసి అడ్డం నిలిచింది.

"బుట్టలో ఏటే గుంటా?"

"పిట్టపిల్ల."

"ఇలా తే, నవుల్తాను."

"నీ పంటి సందుకైనా సాలదు తల్లీ. ఈ రొట్టెలు తిను."

రక్కసి రొట్టెలన్నీ మింగి, "ఉప్పేదే?" అని విసుక్కుంటూనే పైడిని ఏరు దాటించింది. "అది నీ సేతిలో ఎలాగూ బతకదు. నాకిచ్చుంటే ఊరికే పోయేది కాదు కదా!" అని నవ్వింది.

పైడికి ఇక తినడానికేమీ లేదు. పిల్లకు పురుగు పెట్టబోతే నోరు తెరవదు. కాని పైడి చెట్టు కింద కునుకు తీసి లేచినప్పుడల్లా పిల్ల కడుపు నిండి, ఒళ్లు వెచ్చగా ఉండేది. అమ్మవారి దయ అనుకుని దణ్ణం పెట్టుకునేది.

ముళ్లదారిలో పళ్లూడిన ముసలిపులి ఒకటి ఎదురైంది.

"మనవరాలా, నీ వెనక ఏదో ఏడుస్తూ వస్తోందే! నువ్వు కునుకు తీస్తే చాలు, బుట్ట మీద వాలుతోంది. నా చూపు మసక, ఏమిటో చెప్పలేను. కాని మంచిదైతే ఏడుస్తూ ఎందుకొస్తుంది?"

పైడి బుట్టను గుండెకు అదుముకుంది. ఆపైన ఆమె నిద్రపోలేదు. కళ్లు మూతపడితే ముల్లుతో అరచెయ్యి గుచ్చుకుంది. ఏడుపు దగ్గరికి వస్తే రాళ్లు విసిరింది. ఒక రాయి దేనికో తగిలింది. ఏడుపు ఆగి, కాసేపటికి మళ్లీ సన్నగా మొదలైంది. ఆమె ఎంత కాపు కాస్తే పిల్ల అంత వాడిపోసాగింది.

కొండ ఎక్కేసరికి దాని మెడ వాలిపోయింది. తాటాకు పందిరంత రెక్కలతో పక్షిరాజు కూర్చుని ఉన్నాడు.

"తాతా, నా సేతి వాసన కడుగు!"

"వాసన ఎవరిక్కావాలే పిచ్చిదానా? తల్లి గుర్తుపట్టేది పిల్ల గొంతును. మీ ఊళ్లో ఒక్కరైనా పిల్లను తిరిగి గూట్లో పెట్టి చూశారా?"

ఎవరూ పెట్టి చూడలేదు.

"మరి దీని తల్లి రాలేదు కదా, తాతా?"

"నువ్వెప్పుడైనా వెనక్కి తిరిగి చూశావా?"

పైడి తిరిగింది. బండ మీద ఒక గోరింక. తోక ఈకలు రాలిపోయాయి. ఒక కాలు వేలాడుతోంది. ముక్కున పచ్చటి పురుగు.

"నిన్నేనా అమ్మా, నేను కొట్టింది!" అని పైడి కుప్పకూలిపోయింది. పాకుతూ వెళ్లి బుట్టను బండ మీద పెట్టి దూరం జరిగింది. గోరింక కుంటుకుంటూ వచ్చి పిలిచింది. పిల్ల కదల్లేదు. మళ్లీ పిలిచింది. కదల్లేదు. అంతా అయిపోయిందని పైడి కళ్లు మూసుకుంది.

అప్పుడు కీచుమని చిన్న చప్పుడు. చూస్తే పసుపుపచ్చని నోరు తెరిచి ఉంది, ఒళ్లంతా నోరే అన్నట్టు!

పక్షిరాజు ముగ్గురినీ రెక్కల మీద ఊరు చేర్చాడు. పైడి పిల్లను తొర్రలో పెడితే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. తల్లి పురుగుతో లోపలికి దూరింది. అంతే, ఎంతమంది ఆడవాళ్లు తమ గంపలు తలచుకుని కొంగు నోట కుక్కుకున్నారో!

ఈకలొచ్చాక పిల్ల మళ్లీ వాకిట్లోకి దూకింది. ఈసారి గవరమ్మే ఎత్తబోయింది.

"ఉండవే అమ్మా! ఈకలొచ్చీసినాయి. ఇది పడిపోడం కాదు, నేర్సుకోడం. పిల్లి రాకుండా సూడు, సాలు."

గెంతి గెంతి, గోడెక్కి, అది ఎగిరిపోయింది. శాపం వీడింది. పిట్టలు చేల మీదికి మబ్బులా దిగాయి.

పెద్దయ్యాక పైడిని రాజకుమారుడు పెళ్లాడతానంటే, "కోట గోడల్లో తొర్రలు పూడ్చనని ఒట్టెయ్యండి" అంది. వేశాడు. బోర్లించే గంపలన్నీ చూరులకు వేలాడి గూళ్లయ్యాయి.

గోరింక కాలు మాత్రం బాగుపడలేదు. అందుకే రాణి అయ్యాక కూడా, వెనక ఏ ఏడుపు వినిపించినా పైడి ముందు తిరిగి చూసేది.