అంచనాలు తూచే అమ్మాయి

"ఏమండీ, నా మీద మీకేమైనా పగా?"

కేంద్ర బ్యాంకు క్యాంటీన్‌లో ఒంటరిగా తింటున్న ఆమె తలెత్తింది. ఎదురుగా పై అంతస్తు అంచనాలాయన. ధరలు ఎంత పెరుగుతాయో ముందే చెప్పడం అతని పని. చెప్పినవి నిజమయ్యాయో లేదో తూచడం ఆమె పని. అందుకే బ్యాంకంతా ఆమెని 'తప్పులమ్మ' అంటుంది, ఆమె బల్ల దగ్గరికి ఎవరూ రారు. తప్పులెన్నేవాళ్లతో ఎవరికి మాత్రం స్నేహం కావాలి చెప్పండి!

"పగ దేనికండీ? మీ అంచనాలన్నీ తప్పాయి. అదే రిపోర్టులో రాశాను."

"దేనితో పోల్చారు?"

"ఇప్పుడున్న అంకెలతో."

"అదీ సంగతి! మధ్యలో ధరల లెక్క కట్టే పద్ధతే మార్చేశారు కదండీ. నేను అంచనా వేసింది పాత పద్ధతిలో, మీరు తూచింది కొత్త పద్ధతిలో. తూకం మార్చేసి తక్కువైందంటే ఎలా?"

ఆమె నాలుక్కరుచుకుంది. అందరి తప్పులూ పట్టే మనిషి, తన తప్పు తను చూసుకోలేదు!

"బోర్డు మీటింగ్‌లోపు మళ్లీ తూస్తాను. కాస్త సాయం వస్తారా?"

వచ్చాడు. రోజూ సాయంత్రం ఆమె గదికి వచ్చాడు. బయట వాన, లోపల ఇద్దరి వాదన. చాలా అంచనాలు గట్టెక్కాయి. మిగిలినవాటిలో తప్పు మాత్రం ఒకటే, ధరలు తగ్గుతాయనే చెప్పాడు ప్రతిసారీ.

"ఇంత ఆశ ఎక్కణ్ణుంచి వస్తుందండీ మీకు?"

"ఒక్కణ్ణే ఉంటాను. ఆశ కూడా లేకపోతే ఎలా బతకను?"

ఆమె నవ్వింది. ఆమెనీ "తిన్నావా?" అని అడిగేది ఫోన్లో అక్క ఒక్కతే.

రిపోర్టు పూర్తయింది. మీటింగ్‌లో మెచ్చుకున్నారు. మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పనైపోయాక ఎందుకొస్తాడు? ఒంటరితనం తనకు అలవాటే అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడా ఖాళీ కుర్చీని చూస్తుంటే ఏడుపొస్తోంది.

"నువ్విక్కడ ఏడిస్తే అతనికెలా తెలుస్తుందే మొద్దూ? వెళ్లి అడుగు!" అంది అక్క ఫోన్లో.

వెళ్లింది. పై అంతస్తులో అతనొక్కడే ఉన్నాడు.

"రావడం మానేశారేం? మీరు లేకపోతే నాకేం బాగుండటం లేదు. నేనంటే మీకు ఇష్టమేనా?"

"అంటే... ప్రస్తుత పరిస్థితుల్లో... అవకాశాలు డెబ్భై నుంచి తొంభై శాతం వరకూ..."

"అబ్బబ్బ! ఆ బ్యాంకు భాష నా దగ్గరొద్దు. ఒక్క మాట చెప్పండి."

"ఇష్టం," అన్నాడు. "చాలా ఇష్టం. రోజూ మీ తలుపుదాకా వచ్చి వెనక్కెళ్లిపోతున్నాను."

"తలుపు తట్టడానికేమైంది?"

"ఏం పనిమీద వచ్చారని అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఏ పనీ లేదు."

ఆమె పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడగను," అంది. "ఇంకెప్పుడూ అడగను."