కళ్లు మూసుకున్న ఫోటో

పొయ్యి మీద చాయ్ పొంగిపోతోంది. దించే ధ్యాసే లేదు అనసూర్యకు. బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలోని తమ క్వార్టర్‌లో ఆమె వంటింటి గడప దాటి ముందుగదిలోకి రానంటోంది. వస్తే గోడ మీది నుంచి పోయిన భర్త ముత్యం చూస్తున్నాడట!

"ఏందవ్వా గిది? రేపు బాపు సంవత్సరీకం, చుట్టాలొస్తరు. ఫోటోను గోడదిక్కు తిప్పి పెడితివి!" కొడుకు ఉపేందర్ విసుక్కుంటూ దాన్ని మళ్లీ ఇటు తిప్పాడు.

"ఆయన గట్ల సూడడు కొడుకా. నేనెటు పోతే అటే సూస్తున్నడు. ఎవరో పరాయి మగమనిషి ఇంట్ల జొరవడ్డట్టున్నది. అది ఉంటే నేనీ ఇంట్ల ఉండ. రేపు దీపం గుడ పెట్ట."

పాపం, ఉపేందర్ మాత్రం ఏం చేస్తాడు? ముత్యం ఫోటోలన్నీ చెడిపోయినవే. పెళ్లి పీటల మీద, రిటైర్మెంటు దండతో, ఎక్కడ చూసినా కళ్లు మూసుకునే ఉన్నాడు. దండ వేసే ఫోటోలో అలా ఉంటే శవంలా ఉంటుందని, మొన్ననే స్టూడియో అతనితో కంప్యూటర్‌లో కళ్లు తెరిపించాడు. నిజం చెప్పొద్దూ, తెచ్చినప్పటి నుంచి దానికి వీపు పెట్టి కూర్చోవాలంటే అతనికీ భయంగానే ఉంది.

"ఉట్టి ఫికర్ నీకు! నలుగురు నవ్వుతరు. ఫోటో గీడనే ఉంటది!" అని అరిచాడు.

అప్పుడే పక్క క్వార్టర్ పోశవ్వ పెరుగు గిన్నెతో లోపలికొచ్చింది. గోడవైపు చూసిందో లేదో, గిన్నె చేతిలోంచి జారిపోయింది.

"ఏమైందక్కా?" అంది అనసూర్య వంటింట్లోంచే.

"ఎడమ కంట్ల గా ఎర్రచుక్క... చెల్లే, గవి మా ఇంటాయన కండ్లు!"

పోశవ్వ భర్త రఘుపతి పోయి నెల కాలేదు. ఆయన ఫోటో చేయించిందీ ఆ స్టూడియోలోనే. చేతికి దొరికిన కళ్లు తీసి ముత్యానికి అతికించేశాడు మహానుభావుడు!

"మా ఇంట్ల సూడక, ఈడికొచ్చి సూస్తున్నడా?" అంటూ పోశవ్వ కొంగుతో ఆ కళ్లను కప్పింది. అంతే! కింద మిగిలిన మొహం ఒక్కసారిగా ముత్యానిదైపోయింది.

ఉపేందర్ వంటింటి వైపు తిరిగాడు. "బాపు ఎందుకవ్వా, ఎప్పుడూ కండ్లు మూసెటోడు?"

"బొగ్గుబాయిల చీకట్ల పనిజేసిన కండ్లు బిడ్డా. వెలుగు పడితే మూసుకపోతుండె. డ్యూటీ దిగొచ్చి గట్లనే గోడకొరిగేటోడు. నేను కండ్లనిండ సూసుకున్నది గా మొహాన్నే."

ఉపేందర్ ఆ ఫోటో దించి, బీరువాలోంచి కళ్లు మూసుకున్న రిటైర్మెంటు ఫోటో తెచ్చి గోడకు తగిలించాడు. అనసూర్య గడప దాటి వచ్చి, దాని కింద కూర్చుంది. నాన్నను శవమన్నానే అనుకుని ఉపేందర్ గట్టిగా ఏడ్చేశాడు.

"మెల్లగ బిడ్డా," అందామె, వేలు పెదాల మీద పెట్టి. "బాపు నైట్ షిఫ్టు దిగొచ్చి పండుకున్నడు."

ఉపేందర్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, నిద్ర చెడకుండా.