అట్టడుగు పోస్టర్

"రుజ్జేరో స్తల్లానీ ఈ మధ్యాహ్నం ఓడెక్కుతున్నాడు," అన్నాడు చీఫ్ కానేపా. "ఎక్కాడంటే దక్షిణ అమెరికాయే. మళ్ళీ మన చేతికి చిక్కడు."

ఎదురుగా అతని ఏజెంటు టెక్లా బొజ్జానో నిలబడి ఉంది. రెండేళ్ల క్రితం, యుద్ధంలో, ఆ నల్లచొక్కాల ఫాసిస్టు కెప్టెనే ఆమె తమ్ముడు దారియోను దీపస్తంభానికి ఉరి తీయించి, కిందే కుర్చీ వేయించుకుని కాఫీ తాగాడు. అప్పటినుంచి టెక్లాకు కాఫీ వాసన గిట్టదు. వాడి అంతు చూస్తేగాని ఆమె కడుపుమంట చల్లారదని ఇటలీ రేవుపట్నమైన జెనోవా సీక్రెట్ సర్వీసులో అందరికీ తెలుసు.

చిక్కల్లా ముఖంతోనే. స్తల్లానీ ఫోటోలన్నీ తగలబెట్టించాడు, ముక్కుకీ దవడకీ ఆపరేషన్ చేయించుకున్నాడు. పడుచు వయసులో అతణ్ణి నిలబెట్టి గీసిన ఫాసిస్టు పార్టీ పోస్టర్ ఒకటుంది: ఇనుప హెల్మెట్, పొగరుగా ఎత్తిన గడ్డం. అతణ్ణి దేశం దాటిస్తున్న విదేశీ ముఠా ఆ పోస్టర్లను కూడా లైబ్రరీల్లోంచి, ప్రెస్ గోడౌన్లలోంచి కొని బూడిద చేసింది. కొనిపెట్టింది డెల్ఫీనా, పాత కాగితాల వ్యాపారి. అందగత్తె. ముఠాకు పోస్టర్లూ సర్వీసుకు రహస్యాలూ అమ్మే డబుల్ ఏజెంట్.

"ఇంకెక్కడ దొరుకుతుందమ్మా?"

"గోడమీద, చీఫ్."

జెనోవాలో పోస్టర్లు అంటించేవాళ్లు పాతది పీకే శ్రమ పెట్టుకోరు, దానిమీదే కొత్తది వేస్తారు. టెక్లా చేపల మార్కెట్ వెనక గోడను వెనిగర్ కలిపిన వేడినీళ్లతో నానబెట్టింది. సర్కస్ ఊడింది, సబ్బు ప్రకటన ఊడింది, జర్మన్ల హెచ్చరిక ఊడింది. అట్టడుగున ఎత్తిన గడ్డం కనబడింది. గోళ్లతో రక్కేయాలనిపించింది. కానీ ఆ ముఖం చిరగకుండా కోసుకుని తిన్నగా ప్రెస్సుకి నడిచింది.

రేవు గేటు దగ్గర క్యూ కదులుతోంది. టెక్లా పోస్టర్లు అంటించేవాడి వేషంలో బకెట్టుతో వచ్చింది. బ్రష్ పిడిలో ఒకే గుండు పట్టే పిస్తోలు. డెల్ఫీనా క్యూ పక్కగా నడుస్తూ బూడిదరంగు టోపీవాడి దగ్గర చేతితొడుగు జారవిడిచింది. 'స్తల్లానీ ఇతనే' అని టెక్లాకు సంకేతం. ఆమె మాట సగమే నమ్మాలని టెక్లాకు అనుభవం.

అందుకే గోడకు నల్ల అంచుల చావు ప్రకటన అంటించింది. మధ్యలో పోస్టర్ ముఖం, కింద 'రుజ్జేరో స్తల్లానీ స్వర్గస్థులయ్యారు' అని. ఆ ఊళ్లో చావు ప్రకటన చదవకుండా ఎవరూ ముందుకు పోరు. మగవాళ్లు టోపీలు తీశారు, ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. బూడిదరంగు టోపీవాడు కూడా టోపీ తీసి, ఆవులించి, జరిగాడు.

అతని వెనక తెల్లగడ్డం ఫాదర్. ఆయనా చదివాడు. శిలువ గుర్తు వేసుకోలేదు. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి జారి ఇనుప కమ్మీని గట్టిగా పట్టుకుంది. తమ చావు మాట చెవిన పడితే, అది తమను అంటకూడదని ఆ ఊళ్లో మామూలు జనం ఇనుము ముట్టుకుంటారు. ఫాదర్లు ముట్టుకోరు.

ఓడ కూత పెట్టింది. పాస్‌పోర్టు మీద ముద్ర పడబోతోంది. బ్రష్ పిడి ఫాదర్ పక్కటెముకకు ఆనింది.

"ఫాదర్, మా తమ్ముడి కోసం ఒక్క ప్రార్థన చెప్పి వెళ్లండి."

"మీ తమ్ముడెవరమ్మా?"

"దీపస్తంభానికి వేలాడినవాడు. మీరు కింద కాఫీ తాగారు."

అతని గడ్డం పైకి లేచింది. డాక్టరు కత్తి మార్చలేని పొగరు అది. గోడమీది ముఖాన్నీ ఈ ముఖాన్నీ క్యూ అంతా మార్చి మార్చి చూసింది.

టెక్లా వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. కానీ ఒక్క గుండుతో పోనివ్వడమంటే వాడికి దయ చూపించడమే. కోర్టులో నిలబడి, తీర్పు విని, ఉదయం కోసం ఎదురుచూస్తూ చావాలి. వేలు తీసేసింది. మఫ్టీ పోలీసులు బేడీలు వేశారు. రెండో జత, తప్పు మనిషిని చూపిన డెల్ఫీనాకు సరిపోయింది.

అక్కడికొచ్చిన చీఫ్ గోడకేసి చూసి చిరాకుపడ్డాడు. బతికున్నవాడికి చావు ప్రకటన వేయడం నేరమని, వెంటనే పీకేయమని అన్నాడు.

టెక్లా అప్పటికే గోడ కింద కుర్చీ వేయించుకుని కాఫీ తెప్పించుకుంది.

"ఉండనివ్వండి, చీఫ్," అంది ఒక గుక్క తాగి. "తేదీ ఒక్కటే కాస్త ముందు పడింది."