చిన్న లివర్

చీకట్లో మలుపు తిరిగింది ట్రక్కు. ఒక్క హెడ్‌లైటే వెలుగుతోంది!

"అదే సార్! బాస్ బండి!" పోలీసు జీపులోంచి వేలు చూపించాడు మెకానిక్.

ఇన్‌స్పెక్టర్ పిస్టల్ తీశాడు. "అంత స్పీడులో ఉంది. ఆగుతుందంటావా?"

"చచ్చినట్టు ఆగుతుంది సార్. కొండ ఎక్కేటప్పుడు బాస్ చిన్న లివర్ లాగి ఫోర్ వీల్ వేస్తాడు, ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ పోతుంది. వెనక యాక్సిల్ నేనే మార్చాను... గేర్ రేషియో వేరేది. ముందు చక్రాలదో లెక్క, వెనక చక్రాలదో లెక్క. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి. తారు మీద పట్టేస్తాయి!"

మెకానిక్ ఇదంతా చేసింది తమ్ముడి కోసమే. దొంగసరుకు తోలనని తమ్ముడంటే చంపుతానన్నాడు బాస్. ఆ బాస్ జైలుకు పోతే తప్ప తమ్ముడికి విముక్తి లేదు. ఇవాళ పెద్ద సరుకు, బాసే నడుపుతాడని తెలిసింది. అందుకే పొద్దున తమ్ముణ్ణి బతిమాలాడు... "ఇవాళ ఇల్లు కదలకురా."

ఎందుకో మాత్రం చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు మరి!

ట్రక్కు దూసుకొస్తోంది. దాని వెనకే ఓ నల్ల కారు...

ధన్! కారు ట్రక్కును గుద్దింది.

బాస్ బండిని గుద్దేంత ధైర్యం ఎవడికుంది?

మళ్లీ ధన్! ట్రక్కు ఊగిపోయింది. కొండ ఇంకా రానేలేదు... అయినా టైర్లు కీచుమంటున్నాయి!

ఫోర్ వీల్ వేశారు!

చదును రోడ్డు మీద, భయపడి ఫోర్ వీల్ వేసే మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడికి బండి నేర్పింది తనే. వాగు ఒడ్డున, బురదలో, వాడు స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తుంటే తనే చెప్పాడు...

"భయమేస్తే చిన్న లివర్ లాగరా. బండి నిన్ను వదలదు."

"వద్దురా! తియ్యరా!" జీపులోంచి దూకి పరిగెత్తాడు.

ఫెళ్లుమని ఏదో విరిగింది. ట్రక్కు రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది.

తమ్ముడు!

"అన్నయ్యా!" వాడి మొహం వెలిగిపోయింది. "సరుకుతో సహా బండి ఎత్తుకొచ్చేశా! స్టేషన్‌కే వస్తున్నా... చెబితే పోనివ్వవని నీకు చెప్పలేదు!"

వెనక నల్ల కారు ఆగింది. బాస్ దిగాడు. చేతిలో తుపాకీ, గురి తమ్ముడి మీద!

"పరిగెత్తరా!"

వాడు పరిగెత్తలేదు. బిత్తరపోయి చక్రాల వైపు చూస్తున్నాడు, పిచ్చి సన్నాసి.

"చిన్న లివర్ లాగాను అన్నయ్యా... నువ్వు చెప్పినట్టే..."

ఢాం!