ఉప్పునీళ్లు తాగే సైకిల్

గాజు తొట్టెలో వేలాడదీసిన సైకిల్ ఫ్రేమ్ మీద తుప్పు తగ్గుతోంది. ఎర్రటి పెచ్చులు అంచుల నుంచి నల్లబడుతున్నాయి, నల్లబడిన చోట కాసేపటికి ఉక్కు తేలుతోంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పోలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఇది మా ఆయన సైకిలేనా డాట్రమ్మా? మార్సీలేదు గదా?"

"మీదే పెద్దమ్మా. ఆ ఇనుము కూడా ఆ ఇనుమే," అంది డాక్టర్ శ్యామసుందరి.

ఆ సైంటిస్ట్‌కి ఓపిక ఎక్కువ. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుంటే తుప్పవుతుందనీ, ఆ ఆక్సిజన్‌ని విడదీసి తినే బాక్టీరియా ఒకటి మునిగిపోయిన ఓడ అడుగున దొరికిందనీ, అది తన తిండి తాను తిని ఇనుముని ఉన్నచోటే మళ్లీ పేరుస్తుందనీ నిదానంగా చెప్పింది. వంతెనలకీ ఓడలకీ పూసేముందు చిన్న వస్తువు మీద పరీక్షించాలి. జాలరిపేటలో వెతికితే పోలమ్మ ఇంటి చూరు కింద ఈ ఫ్రేమ్ కనబడింది. చక్రాల్లేవు, సీటు లేదు, ముట్టుకుంటే పొడి రాలుతోంది.

పోలమ్మ ఊరికే ఒప్పుకోలేదు. ఆవిడ మొగుడు ఎర్రయ్య ఈ సైకిల్ మీదే చేపల గంప కట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. ఓనాడు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. ఆవిడకి మిగిలింది ఈ ఇనుప కడ్డీలే. ఇప్పుడు సముద్రం పేటలో సగం మింగేసింది, ప్రభుత్వం కొండ అవతల కాలనీ కట్టింది. పేటంతా ఏడుస్తూ సామాన్లు సర్దుకుంటుంటే పోలమ్మ ఒక్కతే హుషారుగా సర్దింది. సముద్రాన్ని అందరూ గంగమ్మ తల్లి అని మొక్కుతారు. ఆవిడ ఆ మొక్కు మానేసి చాలా కాలమైంది.

"దాని మొకం మళ్లీ సూడను," అంది డాక్టర్‌తో. "ఈ సైకిల్ ఇరిగిపోకుండా కొండ దాటిస్తే సాలు."

ఫ్రేమ్ కొండ దాటింది. కొత్త ఇంటి గోడకి తగిలించి, పోలమ్మ రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడిచేది. చూడవచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి మరీ చూపించేది.

వేసవి మొదలయ్యాక గుడ్డకి నల్లటి ఇనుప పొడి అంటింది. కబురందుకున్న డాక్టర్ మైక్రోస్కోప్ పట్టుకుని వచ్చింది. చాలాసేపు చూసి కళ్లద్దాలు తీసింది.

"ఇవి ఆకలితో ఉన్నాయి పెద్దమ్మా. పేటలో అయితే ఉప్పుగాలికి రోజూ కాస్త తుప్పు పట్టేది, ఇవి తిని బతికేవి. ఇక్కడ గాలి పొడి."

"ఉప్పునీళ్లు సల్లితే?"

"వంటింటి ఉప్పుతో చేసి చూశాం, బతకలేదు. సముద్రపు నీళ్లలో ఉన్నదేదో వాటికి కావాలి. అదేమిటో ఇంకా తెలియలేదు."

"సచ్చిపోతే సైకిలేటవుతాది?"

"అవి పేర్చిన ఇనుము వాటి జిగురుతోనే నిలబడింది. అవి పోతే ఇదీ రాలిపోతుంది."

పోలమ్మ ఫ్రేమ్ వైపు చూస్తూ అడిగింది. "నువ్వు దీన్ని ముట్టుకోకపోతే?"

అబద్ధం చెప్పి తప్పుకోవచ్చు. శ్యామసుందరికి అది చేతకాలేదు.

"జాగ్రత్తగా మోసుకొచ్చి ఉంటే, తుప్పుతోనే అయినా, ఈ పొడిగాలిలో మీ కాలమంతా ఉండేది."

 వారం వారం జీపులో సముద్రపు నీళ్లు పంపిస్తానంది డాక్టర్.

"నీ జీపు ఎన్నాళ్లొస్తాది? మా ఆయన సైకిల్‌కి నానే తెచ్చుకుంటాను."

ఆ శుక్రవారం ఆవిడ ప్లాస్టిక్ క్యాన్ పట్టుకుని బస్సు దిగింది. పాత ఇల్లు ఉన్నచోట అలలు వస్తున్నాయి. సముద్రానికి వీపు పెట్టి వంగి క్యాన్ ముంచింది. అల నడుం దాకా తడిపి పోయింది. అంతే, ఇన్నేళ్లుగా గొంతులో ఆగిపోయినదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వెనక్కి తిరిగి, ఎదురుగా నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. ఎర్రయ్య పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. క్యాన్ బరువుగా ఉన్నా బస్సులో ఒళ్లు తెలియకుండా నిద్రపట్టింది.

తర్వాతి శుక్రవారం మళ్లీ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్లింది. ఓ శుక్రవారం సద్దన్నం కూడా కట్టుకెళ్లింది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, ఒడ్డునే కూర్చుని తింది. ఆవేళ కోపం కాస్త తగ్గినట్టనిపించి, తన మీద తనకే కోపం వచ్చింది.

వానాకాలానికి శ్యామసుందరి గెలిచింది. సముద్రపు నీళ్లలోని ఆ పదార్థమేమిటో పట్టుకుని, సీసాలో నింపి, తన చేత్తోనే తెచ్చి పోలమ్మకిచ్చింది. గ్లాసు నీళ్లలో ఒక్క చుక్క చాలు.

"ఇక మీరు ఆ ఒడ్డుకి వెళ్లక్కర్లేదు పెద్దమ్మా."

పోలమ్మ సీసాని కళ్లకద్దుకుని గూట్లో పెట్టింది.

శుక్రవారం కారులో కొండ దిగుతున్న శ్యామసుందరికి బస్టాపులో పోలమ్మ కనబడింది. చేతిలో క్యాన్ ఉంది. డాక్టర్ వెంటనే కారాపింది.

"ఏం పెద్దమ్మా, సీసా మందు పనిచేయలేదా?"

"ఎందుకు సెయ్యదూ, బాగానే సేస్తన్నాది."

"మరి ఎక్కడికి?"

పోలమ్మ కాస్త సిగ్గుపడింది. "దాన్ని ఇంకా తిట్టాల్సింది మిగిలుంది డాట్రమ్మా."

బస్సొచ్చింది. కొంగు నడుంలో దోపుకుని ఎక్కేసింది.