గెంతు మీట

ఈ కథ జరిగిన లోకంలో వీడియో గేములకు పెట్టింది పేరు జపాన్ కాదు, బెంగళూరు. 1994లో బ్రూక్‌ఫీల్డ్‌లోని ఓ ఇరుకు ఆఫీసులో కౌశల్, అతని భార్య సమీనా కలిసి 'జోడి' అనే కన్సోల్ తయారుచేశారు. మన ఇళ్ళలో టీవీ ఒకటి, దాని ముందు కొట్టుకునే పిల్లలు ఇద్దరు. అందుకని జోడిలో ఒకే బొమ్మను ఇద్దరు ఆడించాలి. ఒకరి చేతిలో నడక, ఇంకొకరి చేతిలో గెంతు. వాళ్ళ 'బుడంకాయ' అనే బుడతడి ఆట రెండు భాగాలనీ దేశదేశాల పిల్లలు ఎగబడి కొన్నారు.

2001లో మూడో భాగం సగంలో ఉండగా సమీనా జ్వరంతో పోయింది.

"ఇప్పుడు అందరూ సింగిల్ ప్లేయరే అడుగుతున్నారు కౌశల్," అన్నాడు కంపెనీ నడిపే ఓంకార్, తల దించుకుని. "గెంతు కూడా ఒకే రిమోట్‌లో పెట్టేయ్. సెకండ్ రిమోట్ తీసేద్దాం."

"ఒంటి చేత్తో చప్పట్లు మోగుతాయా ఓంకార్?"

ఓంకార్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

గెంతు రిమోట్ ఎప్పుడూ సమీనాదే. తీసేయాల్సింది ఆమె చేతిని. కౌశల్ ఆమె రిమోట్ వైరు పీకి బల్లమీద పెట్టి, సగంలో ఉన్న మూడో భాగాన్ని ఆఖరిసారి ఇద్దరి ఆటగా మొదలుపెట్టాడు.

బయట వాన. సాయంత్రమే చీకటి కమ్మింది. మూసిన గదిలో తడి కార్పెట్ వాసన. బుడంకాయ నడిచాడు. ముందు గొయ్యి. గెంతించేవాళ్ళు లేరు... పడిపోనీలే అనుకున్నాడు కౌశల్.

టక్.

బుడంకాయ గెంతాడు. సమీనా గెంతించినట్టే, ఒక రవ్వ ఆలస్యంగా, సరిగ్గా గొయ్యి అంచున.

నొప్పి బామ్ వాసన గుప్పుమంది. మీట నొక్కీ నొక్కీ బొటనవేలు లాగుతోందని ఆమె రోజూ రాసుకున్న బామ్. కౌశల్ పక్కకు చూడలేదు. చూస్తే ఉండదేమోనని భయం. ఉంటుందేమోనని అంతకన్నా భయం.

టక్... టక్... గోతులన్నీ దాటారు. అప్పటిదాకా తయారైనదాంట్లో ఆఖరి తలుపు వచ్చింది. తన రిమోట్‌లో నడిపించే బాణం మీట నొక్కితే ఆట అయిపోతుంది. కౌశల్ నొక్కలేదు.

"ఇంకొంచెంసేపు ఉండు," అని గుసగుసగా బతిమాలాడు.

బుడంకాయ నిలుచున్నచోటే విసుగ్గా గెంతాడు. చెవి పక్కనే, సమీనా హిందూపురం యాస...

"పదప్పా. చాల్లే."

"నొక్కను."

అతని బొటనవేలి మీద ఇంకో బొటనవేలు ఆనింది. చల్లగా. మెల్లగా నొక్కింది.

తలుపు తెరుచుకుంది. బుడంకాయ లోపలికి వెళ్ళిపోయాడు. నల్లబడిన తెరలో కౌశల్ ఒక్కడే కనిపించాడు.

మూడో భాగం ఒంటరి ఆటగానే వచ్చింది, బాగానే అమ్ముడుపోయింది. కౌశల్ దాన్ని ఒక్కసారి కూడా ఆడలేదు. వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నా, ఆమె వేలు ఆనిన అతని బొటనవేలు ఈ రోజుకీ వెచ్చబడలేదు. ఈమధ్య చల్లదనం పక్క వేలికి పాకింది.