తీసేసిన స్క్రూలు

మా ఆయన వడ్రంగి. వంకరపోయిన మేకును కూడా పారెయ్యనివ్వరు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి సాపు చేసి డబ్బాలో దాచుకుంటారు. ఆ పొదుపు చూసి నేనూ ఆడపడుచూ ఎన్నిసార్లు నవ్వుకున్నామో! ఇప్పుడు ఆ డబ్బా గలగలమంటే నాకు వణుకు పుడుతోంది.

మెట్ల మీంచి పడి నా నడుం దగ్గర వెన్ను విరిగితే, డాక్టర్లు లోపల కడ్డీలు పెట్టి స్క్రూలు బిగించారు. ఎముక అతుక్కుంది గానీ నొప్పి వదల్లేదు. లోపలున్న లోహం వల్లేనేమో, తీసేస్తే పోవచ్చన్నారు. సరేనని మళ్ళీ కత్తికి ఒళ్ళు అప్పగించాను. నేను బట్టలు కుట్టేదాన్ని. మళ్ళీ మిషను ముందు కూర్చుంటే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ కుట్ల మంట తప్ప వేరే బాధ లేదు. ఇంటికొచ్చిన రోజే మొదలైంది. పాత నొప్పి కాదిది. లోపల ఏదో పట్టుకుని మెలి తిప్పుతున్నట్టుండేది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, "చూడమ్మా, లోపల ఏమీ లేదు" అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి, పక్కవీధి నుంచి చూడ్డానికొచ్చే ఆడపడుచు కూడా మొదలుపెట్టింది.

"అన్నీ తీసేశారు కదా వదినా. ఇక మనసులోంచి కూడా తీసెయ్యి."

"నా నడుం నీకో పూట ఇస్తాను, నువ్వే తీసి చూపించు" అన్నాను.

తను పకపకా నవ్వి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అలా ఆ గదిలో పడి ఉన్నాను. ఒకటే మంచం, ఒకటే కిటికీ. నొప్పి మందు ఘాటూ, కొత్త తలుపు వార్నిషు వాసనా కలిసి గొంతులోకి దిగేవి. నేను ఆస్పత్రిలో ఉండగా మా ఆయన చేసి బిగించిన తలుపది. వేలితో తోస్తే చాలు, తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నప్పుడల్లా నా ప్రాణం పోయేది. మొదట్లో ఉలికిపాటు అనుకున్నాను. కానీ కళ్ళు మూసుకుని పడుకున్నా, తలుపు కదిలిందని చెవి కంటే ముందు నడుముకే తెలిసేది.

ఒకరోజు మధ్యాహ్నం ముసురు పట్టి గదంతా చీకటి కమ్మింది. మా ఆయన వేడినీళ్ళ సంచి పట్టుకుని లోపలికొచ్చారు. తలుపు తిరిగింది. నేను కెవ్వుమన్నాను.

"కదపకండి... దాన్ని కదపకండి."

ఆయన అలాగే నిలబడిపోయారు. అప్పుడు చూశాను, తలుపుని గుమ్మానికి పట్టి ఉంచే, లోపలివైపు పొడుగాటి పట్టీ బందుల్ని. వాటికి బిగించిన స్క్రూలు ఇత్తడివి కావు. బూడిదరంగువి. తలల మీద నక్షత్రంలాంటి గుంట. నా నడుంలోంచి తీశాక నర్సు చిన్న డబ్బాలో పెట్టి చూపించి, ఆయన చేతికిచ్చినవే.

"ఆ స్క్రూలు ఎక్కడివి?"

ఆయన వేడినీళ్ళ సంచి పక్కన పెట్టారు. మంచం అంచున కూలబడ్డారు.

"మంచి సరుకే... ఎన్నేళ్ళైనా తుప్పు పట్టదు. పాత తలుపు నేలకి రాసుకునేది కదా, నువ్వు తొయ్యలేవని కొత్తది చేశాను. నీ తలుపుకే కదా అని..."

తిట్టబోయాను. ఆయన ముఖం చూస్తే జాలేసింది. "తీసెయ్యండి" అన్నాను.

స్క్రూడ్రైవరు తెచ్చి, తలుపు మీద పడకుండా దాన్ని మూసి, భుజం ఆనించి, విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో మెలికా నా నడుంలో తిరిగింది. దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నాను. "ఆపనా?" అని గొణిగారు. వద్దని చెయ్యి ఊపాను. ఒక్కోటీ ఊడి ఆయన గుప్పిట్లో పడింది.

చివరిది ఊడగానే నొప్పి ఆగింది.

పూర్తిగా ఆగింది. లేచి కూర్చున్నాను. నిలబడ్డాను, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా! ఏడుస్తూ నవ్వాను. మిషను మీది గుడ్డ తీసి దులపాలి, సూది మార్చాలి, నూనె వెయ్యాలి. గబగబా తలుపు దగ్గరికి నడిచాను.

"ఉండు, పక్కకి తీస్తా" అని ఆయన భుజం తీశారు. పట్టీలు రెండూ ఊడి వేలాడుతున్నాయి. తలుపు మాత్రం పడలేదు.

పిడి పట్టుకుని లాగారు. రాలేదు. రెండు చేతులా లాగారు...

నా నడుం కలుక్కుమంది.

"లాగకండి" అన్నాను గోడ పట్టుకుని. కిటికీ ఊచల అవతల వాన. అరిచినా వినేవాళ్ళు లేరు.

"బయట ఎవరు?" అని గుసగుసగా అడిగాను.

"ఎవరుంటారు? వీధి తలుపు నేనే గడియ పెట్టి వచ్చాను..."

అవతలివైపు నుంచి తలుపు మీద ఒక్క తట్టు. గట్టి చోటు ఎక్కడో చూసుకుంటున్నట్టు. ఆ తట్టు నా వెన్నులో తగిలింది. కాస్త పక్కగా ఇంకొకటి. తర్వాత కర్రలోకి ఏదో దిగుతున్న చప్పుడు.

కిర్ర్... ఆగింది. కిర్ర్...

నడుంలో మొదటి మెలిక తిరిగింది. నేలమీద కూలబడిపోయాను.

మా ఆయన గుప్పిట విప్పారు. స్క్రూలన్నీ అందులోనే ఉన్నాయి. అవతలి చెయ్యి మాత్రం తొందరేమీ లేకుండా, పని బాగా తెలిసినట్టు, బిగిస్తూనే ఉంది.